కిడ్నీకి నొప్పి తెలియదు: ఐకాడ్‌లో ఉన్న మనవాళ్ళు చేయించుకోవాల్సిన రెండు పరీక్షలు

ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు ఎమిరేట్స్‌లో మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదు. ఐకాడ్‌లో ఉన్న మనవాళ్ళందరికీ ఈ నియమం తెలుసు. వడదెబ్బ గురించి టూల్‌బాక్స్ మీటింగుల్లో చెప్పిందే చెబుతుంటాం. వడదెబ్బ తగిలినవాడు కళ్ళ ముందే కూలబడతాడు కాబట్టి దానికి అందరూ భయపడతారు. అదే ఎండ, అదే చెమట ఐదారేళ్ళలో మన కిడ్నీలకు ఏం చేస్తాయో మాత్రం ఎవరికీ కనపడదు. కనపడేసరికి కొందరు డయాలసిస్ దాకా వెళ్ళిపోయి ఉంటారు.

నేను డాక్టర్ని కాను. ఐకాడ్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో సేఫ్టీ విభాగంలో పదకొండేళ్ళుగా ఉన్నాను. ఒంట్లో బాగోలేనివాళ్ళను క్లినిక్‌కి తీసుకెళ్ళడం, డాక్టరు చెప్పింది తెలుగులో వివరించడం, ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడడం నా పనిలో భాగమైపోయాయి. పైగా మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఉద్దానంలో పుట్టినవాడికి 'క్రియాటినిన్' అనే మాట చిన్నప్పుడే చెవిన పడుతుంది. మా ఊళ్ళో ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురుపడితే పంటల సంగతి అడిగినట్టే "నీకెంత ఉంది?" అని అడుగుతారు. ఇక్కడికొచ్చి చూస్తే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ మాటే తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక అపోహ సంగతి చెప్పాలి. నడుం పట్టేసిందంటే చాలు, "అన్నా, కిడ్నీ పోయిందేమో" అంటూ వస్తారు. రోజంతా వంగి గ్రైండింగ్ చేసినవాడికి, బరువులు ఎత్తినవాడికి నడుం నొప్పి వచ్చిందంటే అది చాలావరకు కండరాల నొప్పే. కిడ్నీలు నెమ్మదిగా పాడవుతున్నప్పుడు నొప్పి ఉండదు. జ్వరం రాదు. మూత్రం కూడా మామూలుగానే వస్తుంది. సగానికి పైగా పని పోయాక కూడా మనిషి పొద్దున్నే బస్సెక్కి డ్యూటీకి పోతూనే ఉంటాడు. కాళ్ళ వాపు, ఆయాసం, అన్నం సయించకపోవడం, పొద్దున లేవగానే వాంతి వచ్చినట్టుండడం, ఒళ్ళంతా దురద, ఇవన్నీ చాలావరకు చివర్లో కనపడేవి. కిడ్నీ దగ్గర నిజంగా నొప్పి పుట్టించేవి ముఖ్యంగా రెండు. ఒకటి రాయి, రెండోది ఇన్‌ఫెక్షన్.

ఎందుకంత నిశ్శబ్దం అంటే, ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నటి వడపోత గొట్టాలుంటాయి. వాటిని నెఫ్రాన్లు అంటారు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి వదులుతాయి. కొన్ని నెఫ్రాన్లు చచ్చిపోతే మిగిలినవి వాటి పని కూడా తలకెత్తుకుంటాయి. క్యాంపులో నలుగురు చేసే పనిని ఇద్దరితో చేయించినట్టు కొంతకాలం బండి నడుస్తుంది. తర్వాత ఆ ఇద్దరూ పడిపోతారు. పోయిన నెఫ్రాను మళ్ళీ పుట్టదు.

ఇక నడుం నొప్పి దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ నొప్పి కిడ్నీ నొప్పి కాదు గానీ, ఆ నొప్పికి మనం వేసుకునే మాత్ర కిడ్నీని నిజంగానే దెబ్బతీయగలదు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్, ఇవన్నీ ఒకే జాతి మాత్రలు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తీసుకెళ్ళే సన్న నాళాలను తెరిచి ఉంచడానికి శరీరం కొన్ని రసాయనాలు తయారు చేస్తుంది. ఈ మాత్రలు నొప్పిని తగ్గించేది సరిగ్గా ఆ రసాయనాలను ఆపి. బాగా నీళ్ళు తాగి నీడపట్టున ఉన్న ఆరోగ్యవంతుడు ఎప్పుడో ఒకటి వేసుకుంటే పెద్దగా ఏమీ కాదు. ఆగస్టు ఎండలో లీటర్ల కొద్దీ చెమట కారినవాడు రోజూ వేసుకుంటే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. అతను బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి మాత్రో, నీరు లాగే మాత్రో కూడా వాడుతుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

సెలవుకి వెళ్ళొచ్చినవాళ్ళ సూట్‌కేసుల్లో పచ్చడి డబ్బా పక్కనే ఈ స్ట్రిప్పులు ఉంటాయి. ఊళ్ళో మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు, ఇక్కడ రూమ్మేట్లు పంచుకుంటారు. మా పక్క క్యాంపులో జగిత్యాల వైపు స్కఫోల్డరు ఒకతను, నలభై దాటలేదు, మోకాలి నొప్పికి ఐదు నెలలు రోజుకు రెండు చొప్పున మింగాడు. వేరే పని మీద చేసిన రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 అని తేలింది. మాత్రలు మానిపించి, ఎప్పటి నుంచో ఉన్న బీపీకి మందు మొదలుపెట్టాక 1.5కి దిగి అక్కడే ఆగింది. పూర్తిగా మామూలుకు రాలేదు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఎక్కడికి పోయేదో ఆ తమ్ముడికి ఇప్పుడు తెలుసు. నొప్పికి ముందుగా అడగాల్సింది పారాసిటమాల్. చెప్పిన మోతాదులో వాడితే కిడ్నీకి అది చాలా నయం. నూనె మర్దనా, వేడి కాపడం కూడా తీసిపారేయాల్సినవి కావు.

నీళ్ళ విషయంలో కార్మికుడిని తిట్టడం నాకు నచ్చదు. "బాగా నీళ్ళు తాగండి" అని పోస్టరు అంటించడం సులువు. పైన స్కఫోల్డింగ్ మీద ఉన్నవాడు హార్నెస్ విప్పి, దిగి, మూడొందల మీటర్లు నడిచి, కవరాల్ విప్పి టాయిలెట్‌కి వెళ్ళి రావాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. రెండుసార్లు వెళితే ఫోర్‌మన్ ముఖం మాడ్చుకుంటాడు. సైటు దూరమైతే బస్సులో గంట ప్రయాణం, మధ్యలో ఎక్కడా ఆపరు. అందుకని పొద్దున లేచిన దగ్గర్నుంచి నీళ్ళు తాగడమే తగ్గించేస్తాడు. సూపర్‌వైజర్లుగా ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాటర్ కూలరు ఎంత దగ్గరో టాయిలెట్ కూడా అంత దగ్గర ఉండాలని సైటు మీటింగులో అడగండి. కిడ్నీల కోసం కంపెనీ చేయగలిగిన అన్నిటికన్నా చవకైన పని అదే.

ఎండలో పనిచేస్తున్నప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి పావు లీటరు చొప్పున తాగాలి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. అలాగని ఒకేసారి గడగడా తాగడం కూడా మంచిది కాదు. గంటకు లీటరున్నర దాటితే రక్తంలో ఉప్పు పలచబడి అది వేరే ప్రమాదం తెస్తుంది. చెమట ధారగా కారే రోజుల్లో మధ్యమధ్యలో ఓఆర్ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు మేలు. ఎనర్జీ డ్రింకులు, కోలాలు నీళ్ళకు బదులు కావు. టాయిలెట్ తలుపుల మీద మూత్రం రంగుల చార్టు అంటించి ఉంటుంది చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ చాలా పనికొచ్చే కాగితం. లేత గడ్డి రంగులో ఉంటే సరే. ముదురు పసుపు అయితే నీళ్ళు చాలడం లేదు. టీ డికాక్షన్ రంగులో, కోలా రంగులో వస్తే మాత్రం అది నీళ్ళు తాగి సర్దుకునే సంగతి కాదు. విపరీతమైన ఎండలో, శ్రమలో కండరాలు చితికి, వాటిలోని పదార్థం కిడ్నీ గొట్టాలను మూసేస్తున్నప్పుడు అలా వస్తుంది. అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అంబులెన్స్ నంబరు 998. సమయానికి సెలైన్ ఎక్కిస్తే ఈ రకం దెబ్బ నుంచి కిడ్నీలు చాలాసార్లు పూర్తిగా కోలుకుంటాయి.

ఎండ ఒక్కటే కిడ్నీని చంపుతుందా అంటే, దీని మీద ప్రపంచమంతా పరిశోధన జరుగుతోంది. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు తోటల్లో పనిచేసే యువకులు షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పోయి చనిపోయారు. రోజుల తరబడి ఎండలో విపరీతమైన శ్రమ, నీళ్ళు చాలకపోవడం అందులో ముఖ్యమైన కారణాలని అక్కడి పరిశోధకుల అభిప్రాయం. అక్కడ కొన్ని తోటల్లో నీళ్ళు, నీడ, విరామం అనే మూడింటిని పద్ధతిగా అమలు చేస్తున్నారు. నేపాల్ కిడ్నీ డాక్టర్లు గల్ఫ్ నుంచి, మలేషియా నుంచి తిరిగొచ్చిన కుర్రవాళ్ళు తమ దగ్గర డయాలసిస్‌లో చేరుతున్నారని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. వాళ్ళు మన పక్క మంచాల వాళ్ళే. మన ఎండలోనే పనిచేశారు.

మా ఉద్దానం కథ ఇంకా చిక్కు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరూరా కిడ్నీ రోగులున్నారు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో పరీక్షించిన పెద్దవాళ్ళలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. భూగర్భ జలాల్లో సిలికా, పురుగుమందులు, లోహాలు, ఎండలో తోట పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా ప్రతిదాన్నీ అనుమానించారు. ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. వంశధార నీటిని హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల ద్వారా ఊళ్ళకు తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఉద్దానం నుంచి మనం నేర్చుకోవాల్సిన ముక్క ఒకటుంది. ఈ రకం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. మూత్రపరీక్ష బాగానే ఉంటుంది, రక్తంలో క్రియాటినిన్ మాత్రం పెరుగుతూ పోతుంది. షుగర్ వల్ల వచ్చే జబ్బు దీనికి తలకిందులు. అందులో సాధారణంగా ముందు మూత్రంలో అల్బుమిన్ పోవడం మొదలవుతుంది, క్రియాటినిన్ తర్వాతెప్పుడో పెరుగుతుంది. అందుకే ఒక్క పరీక్ష చాలదు, రెండూ కావాలి.

షుగర్, బీపీల గురించి ఎక్కువ చెప్పను, ప్రతిచోటా చదివే ఉంటారు. ప్రపంచంలో కిడ్నీలు పాడవడానికి మొదటి రెండు కారణాలు అవే. క్యాంపులో వాటికి కావాల్సిన సరంజామా అంతా ఉంది. రాత్రి పది గంటలకు కడుపు నిండా అన్నం, పచ్చడి, ఉప్పుచేప, సిగరెట్టు, నిద్రలేమి, ఊళ్ళో అప్పుల దిగులు. ముప్పై ఐదేళ్ళవాడికి బీపీ 160 ఉందంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. "మాత్ర మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట కదా" అంటారు. అవును, చాలామంది వేసుకోవాలి. డయాలసిస్ కూడా జీవితాంతమే, రెంటిలో ఏది నయమో చూసుకోండి. ఇంకొందరు బీపీ మాత్రలు, షుగర్ మాత్రలే కిడ్నీలను పాడుచేస్తాయని మానేస్తారు. నిజానికి జరిగేది ఇలా: జబ్బు ముదిరాక డాక్టరు మెట్‌ఫార్మిన్ తగ్గిస్తాడు, ఆపుతాడు. అది చూసి ఆ మాత్ర వల్లే ఇలా అయిందనుకుంటారు. కిడ్నీ పని తగ్గినప్పుడు ఆ మందు ఒంట్లో పేరుకుపోకుండా తగ్గిస్తారు తప్ప, కిడ్నీని చెడగొట్టింది ఆ మందు కాదు, అదుపులో లేని షుగర్.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఇక్కడ వీసా కోసం చేసే మెడికల్ ముఖ్యంగా టీబీ, హెచ్ఐవీ లాంటి అంటువ్యాధుల కోసం. "మెడికల్ ఫిట్ వచ్చింది, నాకేం లేదు" అంటారు. ఫిట్ అని రాసినంత మాత్రాన కిడ్నీలు బాగున్నట్టు కాదు. క్లినిక్‌లో విడిగా అడగాల్సినవి ఇవి: రక్తంలో క్రియాటినిన్, దాంతోపాటు ఈజీఎఫ్ఆర్ లెక్క. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. బీపీ ఎలాగూ చూస్తారు.

రిపోర్టు చదవడంలో మనవాళ్ళు తికమకపడే చోటు ఒకటుంది. మన దగ్గర క్రియాటినిన్ మిల్లీగ్రాముల్లో ఇస్తారు, 0.9, 1.1 అని. ఇక్కడ చాలా ల్యాబుల్లో మైక్రోమోల్స్‌లో ఇస్తారు. 88 అని చూసి గుండె ఆగినంత పనైన కుర్రాడిని నేను చూశాను. వచ్చిన అంకెను 88.4తో భాగించండి, మన లెక్క వస్తుంది. 88 అంటే 1.0, ఏ గొడవా లేదు. 133 అంటే 1.5. 177 అంటే 2.0. దీనికి వ్యతిరేకంగా, ఊరి రిపోర్టులో 1.5 చూసి "పావలా అర్ధే కదా పెరిగింది" అని తేలిగ్గా తీసుకునేవాళ్ళున్నారు. అది ఇంకా ప్రమాదం. ముప్పై ఐదేళ్ళ మగవాడికి క్రియాటినిన్ 1.0 ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 100. అదే 1.5 అయితే 62. అదే 2.0 అయితే 44. అంటే అంకె 1 నుంచి 2 అయ్యేలోపు సగానికి పైగా పని పోయింది. మొదట్లో అంకె చిన్నగా కదులుతుంది, నష్టం పెద్దగా జరుగుతుంది. అందుకే క్రియాటినిన్ కన్నా ఈజీఎఫ్ఆర్ చూడడం మంచిది. 90 పైన ఉండి మూత్రం శుభ్రంగా ఉంటే బాగున్నట్టే. 60 కన్నా తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30 కన్నా తగ్గితే బాగా ముదిరినట్టు. 15 కన్నా తగ్గితే డయాలసిస్, మార్పిడి గురించి ఆలోచించే దశ.

మూడు నెలలు అన్న మాట గుర్తుంచుకోండి. ఒక్క రిపోర్టు చూసి టికెట్ బుక్ చేసుకోకండి. పగలంతా ఎండలో పనిచేసి నేరుగా వెళ్ళి రక్తమిస్తే అంకె ఎక్కువ రావచ్చు. ముందు రోజు రాత్రి మాంసం దండిగా తిన్నా, జిమ్ముకు పోయేవాళ్ళు క్రియాటిన్ పొడి తాగుతున్నా పెరగొచ్చు. సెలవు రోజు తర్వాత, నీళ్ళు తాగి, పొద్దున ఇవ్వండి. తేడా ఉంటే కొన్ని వారాలాగి మళ్ళీ చేయిస్తారు, కడుపు స్కాను తీస్తారు. అల్బుమిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఇక్కడి కొలతలో అది 3. నలభై దాటినవాళ్ళు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఉద్దానం వాళ్ళు వయసుతో పనిలేకుండా, ఏడాదికోసారి చేయించుకోవాలి. నా లెక్కలో ఐదేళ్ళకు మించి ఎండలో పనిచేసినవాళ్ళు కూడా.

రాళ్ళ గురించి చెప్పకపోతే ఇక్కడ ఎవరూ ఊరుకోరు, వేసవిలో క్యాంపుకొకరు చొప్పున అర్ధరాత్రి మెలికలు తిరుగుతుంటారు. డొక్కలో మొదలై గజ్జల దాకా దిగే నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం. నీళ్ళు తగ్గి మూత్రం చిక్కబడితే అందులోని లవణాలు గడ్డకడతాయి. 5 మిల్లీమీటర్ల లోపు రాయి చాలావరకు తనంతట తనే పోతుంది. పెద్దదైతే బయటి నుంచి తరంగాలతో పగలగొట్టడమో, మూత్రనాళం గుండా సన్న గొట్టం పంపి లేజరుతో పొడి చేయడమో ఉంటుంది. బీరు తాగితే రాయి పోతుందన్న వైద్యానికి మన క్యాంపుల్లో ప్రొఫెసర్లు చాలామంది ఉన్నారు. మూత్రం ఎక్కువ రావడం వరకే అందులో నిజం, ఆ తర్వాత ఒళ్ళు ఇంకా ఎండిపోతుంది. పాలు, పెరుగు మానేయమని కూడా చెబుతారు, అదీ తప్పే. భోజనంతో తీసుకున్న కాల్షియం రాళ్ళను తగ్గిస్తుంది గానీ పెంచదు. తగ్గించాల్సింది ఉప్పు. నొప్పితో పాటు చలిజ్వరం వస్తే మాత్రం ఇంటి వైద్యం ఒక్క గంట కూడా వద్దు. అడ్డుపడిన చోట ఇన్‌ఫెక్షన్ చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

రాళ్ళ ఆపరేషన్‌లో మనలాంటి వలస కార్మికులకే ఎక్కువగా జరిగే ప్రమాదం ఒకటుంది. రాయి తీశాక మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే మెత్తటి గొట్టం పెడతారు. అది కొన్ని వారాలకే. మూడు నెలలు దాటనివ్వకూడదు. సెలవులో ఊళ్ళో ఆపరేషన్ చేయించుకుని, స్టెంటుతోనే విమానమెక్కి ఇక్కడికొచ్చేస్తారు. లేదా ఇక్కడ పెట్టించుకుని, కాంట్రాక్టు అయిపోయి ఊరికి పోతారు. నొప్పి తగ్గింది కాబట్టి మరిచిపోతారు. ఏడాది, రెండేళ్ళ తర్వాత ఆ గొట్టం చుట్టూ రాయి పేరుకుని, ఆ పక్క కిడ్నీయే పనికిరాకుండా పోయిన కేసులు డాక్టర్లు చాలా చూశారు. ఆపరేషన్ అయ్యాక అడగాల్సిన మొదటి ప్రశ్న "లోపల స్టెంట్ ఉందా, ఏ తేదీకి తీయించుకోవాలి?". ఆ తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి, ఇంట్లో భార్యకీ చెప్పండి.

దీర్ఘకాలిక జబ్బు అని తేలితే చేయగలిగింది ఏమీ లేదని కుంగిపోతారు. పదేళ్ళ కిందట ఆ మాటలో కొంత నిజం ఉండేదేమో, ఇప్పుడు లేదు. బీపీని సుమారు 130/80 లోపు ఉంచడం, మూత్రంలో అల్బుమిన్ పోతుంటే టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ జాతి మందు వాడడం పాత పద్ధతి. ఇవి మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరగొచ్చు, భయపడి మానకుండా డాక్టరును అడగాలి. కొత్తగా వచ్చింది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. షుగర్ కోసం తయారైన ఈ మందులు షుగర్ లేనివాళ్ళలో కూడా కిడ్నీ దిగజారడాన్ని నెమ్మదింపజేస్తాయని 2020 నుంచి వచ్చిన పెద్ద అధ్యయనాల్లో తేలింది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు ముగిశాక మన దేశంలో చవకగా దొరుకుతోంది. ఒక హెచ్చరిక: ఈ మందులు వాడుతున్నవాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఎండకు ఒళ్ళు బాగా ఎండిపోయినా, ఆ రెండు మూడు రోజులు మందు ఆపాలా అని డాక్టరును ముందే అడిగి పెట్టుకోవాలి. జబ్బు ముదిరినవాళ్ళకు "బాగా నీళ్ళు తాగు" అన్న సలహా కూడా పనికిరాదు. మూత్రం తగ్గిపోయినవాడు ఎక్కువ తాగితే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

డయాలసిస్ దాకా వస్తే మామూలుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. దానికి చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేస్తారు, అది పనికి రావడానికి వారాలు పడుతుంది. అందుకే ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉన్నవాళ్ళు ఎక్కువగా వాడని చేతి ముంజేతి నరాలకు సూదులు గుచ్చనివ్వకూడదు, రక్తం మణికట్టు కింద వెనుక వైపు నుంచే తీయమనాలి. ఇంట్లోనే కడుపు ద్వారా చేసుకునే పద్ధతి కూడా ఉంది. మార్పిడికి 1994 చట్టం ప్రకారం తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, భార్యాభర్తలు లాంటి దగ్గరివాళ్ళు ఇవ్వొచ్చు. మన దేశంలో ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, పుచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, ఈ ముక్క మనం ఆలోచించాల్సిందే. లేదంటే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. కిడ్నీ ఇప్పిస్తామని ఫోన్ చేసే బ్రోకర్లను నమ్మితే డబ్బుతో పాటు జైలు కూడా.

ఊరికి తిరిగి వెళ్ళాల్సి వస్తే రెండు రాష్ట్రాల్లోనూ డయాలసిస్ ఆరోగ్య పథకం కింద ఉచితం. ఆంధ్రలో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది. తెలంగాణలో 2022 నుంచి వాళ్ళకు 2,016 రూపాయల ఆసరా పెన్షన్ ఇస్తున్నారు. రేషన్ కార్డులో మీ పేరు ఉందో తీసేశారో ఇప్పుడే ఇంట్లో అడగండి. గల్ఫ్‌లో ఉన్నాడని పేరు పోయినవాళ్ళకు అవసరం పడ్డప్పుడు చాలా ఇబ్బందవుతుంది.

రాజీనామా ఇచ్చి వెళ్ళిపోవడానికి ముందు ఇక్కడ మీకున్నవి తెలుసుకోండి. అబుదాబిలో మీ ఇన్సూరెన్స్ కార్డు ఖర్చు కంపెనీదే, జీతంలో కోయకూడదు. ప్రొబేషన్ దాటినవాళ్ళకు ఏడాదికి 90 రోజుల సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం, మిగిలినవి జీతం లేకుండా. క్రియాటినిన్ కాస్త పెరిగినంత మాత్రాన ఉద్యోగం మానక్కర్లేదు. నీడలో పనికి మార్చమని డాక్టరుతో రాయించుకుని ఇవ్వొచ్చు. మా స్కఫోల్డరు తమ్ముడు ఇప్పుడు టూల్ స్టోర్‌లో ఉన్నాడు. కంపెనీ వినకపోతే, ఇంకేదైనా చిక్కు వస్తే భారత ప్రభుత్వ సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342, రాత్రీ పగలూ తీస్తారు.

క్లినిక్‌లో భాష రాదని వెనక్కి తగ్గేవాళ్ళ కోసం: కౌంటర్ దగ్గర "క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, యూరిన్ ఏసీఆర్" అంటే చాలు, మలయాళీ నర్సమ్మకైనా ఫిలిపీనో నర్సుకైనా అర్థమవుతుంది. డాక్టరుకు మీరు వేసుకునే ప్రతి మాత్ర స్ట్రిప్పూ చూపించండి, ఊరి నుంచి తెచ్చుకున్న చూర్ణాలు, భస్మాలతో సహా. రిపోర్టు వచ్చాక ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంటికి పంపి, కాగితాన్ని పాస్‌పోర్టు కాపీల కవరులోనే పెట్టుకోండి. వచ్చే ఏడాది అంకెను పక్కన పెట్టి చూసుకోవడానికి అది కావాలి.